వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా మామ ఒప్పుకోని కారు

కొత్త కారు కొన్నవాళ్ళు తిరుపతి వెళతారు. నేను మాత్రం ఒక ఆదివారం ఏ గుడికీ పోకుండా, ఏ చుట్టాన్నీ పలకరించకుండా, కోలారు జిల్లా చుట్టూ దాదాపు నూట తొంభై కిలోమీటర్లు తిరిగాను. కారణం మా మామ. మీటరు మీద వెయ్యి కనిపించేదాకా తన కూతురిని నా కారు ఎక్కనివ్వనని తేల్చి చెప్పాడు. ఆ కూతురు నా భార్య గ్రేస్. ఆమెకు తొమ్మిదో నెల. కాన్పుకని పుట్టింట్లో, కేజీఎఫ్‌లో ఉంది. ఈమధ్య బీపీ కాస్త ఎక్కువగా ఉంటోందని, ఆసుపత్రికి దగ్గరగా కోలారులో ఉంటే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. కోలారులో మా ఇంటి నుంచి ఆసుపత్రికి పది నిమిషాలు కూడా పట్టదు. సోమవారం పొద్దున చెకప్. అంటే ఆదివారం సాయంత్రానికల్లా ఆమె నాతో బయలుదేరాలి.

నాకు అనుమానం ఎక్కువని గ్రేస్ అంటుంది. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో తయారైన విడిభాగాలను తనిఖీ చేయడం నా ఉద్యోగం. రోజుకు ఎనిమిది గంటలు కనిపించినదాన్నల్లా అనుమానించినందుకే నాకు జీతం ఇస్తారు. ఆ బుద్ధిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలి ఇంటికి రావడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. కారు చేతికిచ్చిన రోజే మీటరు మీద అరవై రెండు కిలోమీటర్లు ఉన్నాయి. "యార్డు నుంచి తెచ్చేటప్పుడు అవుతాయి సార్" అన్నాడు షోరూం మేనేజరు. యార్డు పదిహేను కిలోమీటర్ల దూరం కూడా లేదు. మిగతావి ఎవరు తిప్పారు, ఎంత వేగంగా తిప్పారు? కారుతో ఇచ్చిన పుస్తకంలో మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్త అని స్పష్టంగా ఉంది. అతివేగం వద్దు, ఒకే వేగంతో గంటలకొద్దీ పోవద్దు, యాక్సిలరేటర్ అదిమి తొక్కవద్దు, పెద్ద గేరులో బండిని మూలిగించవద్దు, ఎక్కువ బరువు వేయవద్దు. ఇదంతా చూపిస్తే మేనేజరు నవ్వి, "పాతకాలం మాటలు సార్, ఈ ఇంజన్లకు అవేం అక్కరలేదు" అన్నాడు. ఇంజను తొందరగా పాడైతే లాభం ఎవరికో ఆలోచించి, నేను పుస్తకాన్నే నమ్మాను.

ఇక మామ సంగతి. శామ్యూల్ మామ కేజీఎఫ్ బంగారు గని మూతపడేదాకా అక్కడ వైండర్ డ్రైవర్. అంటే భూమిలోపలికి మనుషులను దించి మళ్ళీ పైకి తెచ్చే ఇనుప బోనును, వాళ్ళ మాటలో కేజును, పైన కూర్చుని ఇంజనుతో నడిపే పని. గని పోయాక ఇరవై ఏళ్ళు రైల్లో బెంగళూరు వెళ్ళి సెక్యూరిటీ డ్యూటీ చేశాడు. వాళ్ళు క్రైస్తవులు, మేము రాగి, మామిడి పండించే హిందూ రైతు కుటుంబం. మా పెళ్ళికి రెండువైపులా ఒప్పుకున్నారు గానీ, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు కనిపించినవాళ్ళు తక్కువ. ముందటి ఆదివారం నేను కారుకు దండ వేసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మహా గర్వంగా వాళ్ళింటికి వెళ్ళాను. మామ కిటికీలోంచి తల లోపలికి పెట్టి మీటరు చూశాడు.

"ఎంతప్పా ఇది? ఐదునూర్లా?"

"ఐదునూట ఎనబై మామా."

"వెయ్యి కానీ. అంతవరకూ బిడ్డ ఎక్కదు."

"కొత్త బండి కదా మామా, భయమేముండాది?"

"కొత్తది గాబట్టే చెప్తా ఉండాను."

మామ ఆ వారం చెకప్‌కు కూతురిని పక్కింటివాళ్ళ ఆటోలో కోలారు తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఆ ఆటో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాని మీటరుకే తెలియదు. అది పోయిన దారంతా పొగే. నా కొత్త కారు పనికిరాదట, ఆ ఆటో పనికొచ్చిందట! నాకు అర్థమైపోయింది. కారు ఒక సాకు. ఈ మనిషికి కూతురిని నాతో పంపడం ఇష్టం లేదు. వెయ్యి నిండితే ఇంకొకటి చెబుతాడు, పిల్లో పిల్లాడో పుట్టాక మరొకటి చెబుతాడు, అలా అలా ఇద్దరినీ అక్కడే ఉంచేసుకుంటాడు. అనుమానం పెనుభూతం అంటారు. నా పెనుభూతం ఆ వారమంతా నా పక్కసీట్లోనే కూర్చుని వేమగల్ దాకా వచ్చి వెళ్ళింది.

ఆదివారం ఉదయం ఆరున్నరకు కోలారులో బయలుదేరేటప్పటికి మీటరు మీద ఎనిమిది వందల ఆరు. ఇలాంటి తిరుగుడు కోసం వెళ్ళేవాళ్ళు నేరుగా హైవే ఎక్కకండి. అక్కడ వేగం మారదు, మారకపోతే లాభం లేదు. నేను చింతామణి దారి పట్టాను. టమాటా బుట్టలతో కోలారు మార్కెట్టుకు వచ్చే బండ్లు ఎదురవుతూ ఉంటాయి కాబట్టి నలభైకి తగ్గాలి, అరవైకి పెరగాలి, గేర్లు మారుస్తూనే ఉండాలి. ముప్పావు గంటలో చింతామణి, అక్కడ పది రూపాయల కాఫీ, మళ్ళీ శ్రీనివాసపురం వైపు. ఆ దారిలో మామిడి తోటల మధ్య ఒక ట్రాక్టరు అడ్డం తగిలింది. కాలు దురద పెట్టింది. మామూలుగా అయితే హారన్ మీద చెయ్యి పెట్టి, ఒక్క తొక్కుడు తొక్కి దూసుకుపోయేవాణ్ణి. కానీ ఇంజను కొత్తది. పళ్ళు నూరుకుంటూ రెండు కిలోమీటర్లు దాని వెనకే నడిచాను. మా మామ ఆ ట్రాక్టరువాడికి డబ్బులిచ్చి పెట్టాడేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. ఒట్టు, నిజంగానే వచ్చింది.

తొమ్మిదిన్నరకు ముళబాగిలు. అక్కడ దోసె తినకుండా పోవడం పాపం. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో కిటికీ పక్కన కూర్చుని, కారు మీద ఒక కన్ను వేసి ఉంచాను. దోసె వేసే ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. పెనం మీద నీళ్ళు చల్లుతూ నన్నే గమనిస్తోంది.

"ఏమప్పా, తినకుండా ఆ బండినే చూస్తా ఉండావు? ఎవురూ ఎత్తుకోని పోరులే."

"కొత్తదమ్మా. ఇంకా వెయ్యి కిలోమీటర్లు కాలేదు. అంతదాకా నిదానంగా తోలాల."

"మా పెనం కూడా ఇంతే. కొత్తగా తెచ్చినప్పుడు నూనె పూసి, సగం కోసిన ఎర్రగడ్డతో రుద్ది, సన్న సెగ మీద దోవకి తేవాల. తొందరపడి మంట పెంచితివా, ఇంగ జన్మలో దోసె లేవదు."

"మొదట్లో చెడిపోయే దోసెలు ఏం చేస్తారు?"

"తినేవాళ్ళు తింటారు" అని ఆమె నవ్వింది. నా దోసె అంచు కాస్త చిరిగి ఉంది. పెనం ఎన్నాళ్ళదని అడుగుదామనుకుని, వెన్న కరిగిపోతుంటే ఊరుకున్నాను. అరవై రూపాయలు. ఎన్నాళ్ళ పెనమైనా దోసె మాత్రం అద్భుతం.

అక్కడి నుంచి నంగిలి మీదుగా పలమనేరు పోయి రావాలి. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకుని బయలుదేరండి. హైవే కాబట్టి పది నిమిషాలు డెబ్బై, పది నిమిషాలు యాభై, అలా మారుస్తూ వెళ్ళాను. వెనక వచ్చిన లారీలన్నీ నన్ను తిట్టుకుంటూ దాటిపోయాయి. పలమనేరులో టీ తాగుతుంటే వాటిలో ఒకదాని డ్రైవరు నా పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"ఏం సార్, కొత్త బండి పెట్టుకోని ఎద్దులబండి తోలినట్ల తోలతా ఉండారే?"

"ఇంజను సెట్టు కావాల గదన్నా."

"అట్ల సెట్టు కాదు సార్. మొదట్లో ఏది నేర్పిస్తే కడదాకా అదే. ఒకసారి మొగిలి ఘాటు రోడ్డు ఎక్కించి దంచండి. అప్పుడు ఇంజను నోరు తెరస్తాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా ఇలా చెప్పినందువల్ల ఈయనకు ఏం లాభం అని చాలాసేపు ఆలోచించాను. ఏమీ కనిపించలేదు. నా లెక్కలో లాభం లేకుండా సలహా ఇచ్చేవాణ్ణి ఇంకాస్త ఎక్కువ అనుమానించాలి. ఘాటు వైపు చూడకుండా వెనక్కి తిప్పాను. ముళబాగిలులో అన్నం తిని, ఒంటిగంట దాటాక బేతమంగల దారిలోకి దిగాను. ఈ దారిలో మాత్రం తప్పక వెళ్ళండి. బండ్లు తక్కువ, మలుపులు ఎక్కువ, రెండు పక్కలా రాగి చేలు. కొత్త ఇంజనుకు ఇంతకంటే మంచి దారి మా జిల్లాలో లేదు. ఎప్పుడో గానీ నేను హారన్ కొట్టలేదు. బేతమంగలలో ఆగి గ్రేస్‌కు ఫోన్ చేశాను.

"యాడుండావు?" అంది.

"బేతమంగల. మీ నాయన ఏం చేస్తా ఉండాడు?"

"చర్చి నుంచి వచ్చినప్పట్నుంచీ పెరట్లో గోనె సంచులకు ఇసుక పోస్తా ఉండాడు."

"ఇసుకా? ఎందుకంట?"

"నాకు చెప్పల్యా. నీ మొగుడు వస్తాడు గదా, అప్పుడు చూడు అన్నాడు."

వెయ్యి తర్వాత ఇంకోటి ఉంటుందని నేను అనుకుంటూనే ఉన్నాను. కేజీఎఫ్ చేరేసరికి మీటరు తొమ్మిది వందల తొంభై రెండు చూపిస్తోంది. ఎనిమిది తక్కువ. మ్యాపు తప్పో, మీటరు మోసమో. బూడిదరంగు గుట్టల్లా పేరుకుపోయిన గని మట్టి దిబ్బల పక్క రోడ్డు మీద, మారికుప్పం స్టేషను దాకా, మళ్ళీ రాబర్ట్‌సన్‌పేట దాకా పిచ్చివాడిలా తిరిగి వెయ్యి చేశాను. మీటరును ఫోటో తీసుకున్నాను. మూడు గంటల పది నిమిషాలకు మామ ఇంటి ముందు ఆపాను.

మామ వచ్చి మీటరు చూశాడు. "వెయ్యిన్ని ఒకటి. సరి" అన్నాడు. అని, గేటు పక్కనున్న ఇసుక సంచి ఒకటి ఎత్తి డిక్కీ తెరవమన్నాడు. రెండోది వెనక సీటు ముందు పెట్టమన్నాడు. వారమంతా పట్టి ఉంచుకున్నది ఒక్కసారిగా బయటపడింది.

"బిడ్డను పంపేది ఇష్టం లేకపోతే ముఖం మీదే చెప్పండి మామా. పొద్దున్నుంచీ కుక్క తిరిగినట్ల తిరిగినాను. ఇంగ ఇసుక కూడా మొయ్యాల్నా?"

వాకిట్లో గ్రేస్ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి, అరిచినందుకు నాకే సిగ్గేసింది. మామకు మాత్రం కోపం రాలేదు.

"పంపేది లేదని ఎవురన్నారప్పా? పొద్దున్నే దాని బ్యాగు నేనే సర్ది పెట్టినాను. గ్రేసు, మీ అత్త, సామాన్లు, ఎంత బరువు అవుతాదో అంత వేసినాను. బంగారుపేట దాకా పోయి వద్దాం, పద."

మా అత్త కూడా వస్తోందని నాకు అప్పుడే తెలిసింది. మామ వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకున్నాను. బరువుతో బండి వేరుగా నడుస్తోంది, బ్రేకు ముందుగానే వేయాల్సి వస్తోంది. స్పీడ్ బ్రేకర్ల మీద ఒక్కొక్క చక్రం దించాను. ఊరి చివర ఆవులు రోడ్డెక్కితే ఆపి, అన్నీ దాటేదాకా కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక స్కూటీ సందులోంచి చూడకుండా బయటికి వచ్చింది. అప్పటికే నా కాలు యాక్సిలరేటర్ మీద లేదు. అరగంట దాటినా మామ కళ్ళు తెరవలేదు. మళ్ళీ వాళ్ళ గేటు దగ్గర ఇంజను ఆపాకే తెరిచాడు.

"ఇంజను ఎట్లుండాది మామా?" అన్నాను.

"ఇంజను సంగతి నాకేం తెలుసప్పా? అది కంపెనీవాళ్ళు చూసుకుంటారు. నేను చూసింది నిన్ను."

ఆయనే నిదానంగా చెప్పాడు.

"మొట్టమొదట మా ఇంటికి వచ్చినావే, ఆ పొద్దు బైకు దిగి ఏమన్నావు? కోలారు నుంచి అర్ధగంట కూడా పట్టలేదు అన్నావు. నవ్వతా అన్నావు. నాకు ఆ పొద్దు అన్నం దిగలేదు. వైండరు కాడికి కొత్తగా వచ్చినోడికి మా గనిలో మనుషుల్ని ఇయ్యరప్పా. నెలల తరబడి రాయి దించాల, రాయి ఎత్తాల. చెయ్యి నెమ్మదించినాకనే మనుషులు. కేజులో నిలబడినోడికి చీకట్లో ఏమీ కనపడదు. పైన ఎవుడు తిప్పతా ఉండాడో పాదాలకే తెలస్తాది. వెయ్యి దాకా మెల్లగా తోలాలని నీ పుస్తకంలో ఉండాదని గ్రేసు చదివి చెప్పింది. మంచిదే అనుకున్నాను. నేను చెప్తే వినవు. ఇంజను కోసరమంటే వింటావు."

అని దిగి, సంచులు తానే దించి, లోపలికి చూసి, "గ్రేసూ, రామ్మా" అని పిలిచాడు.

ఆ రోజంతా నేను షోరూం మేనేజరును అనుమానించాను, ట్రాక్టరును, దోసెను, లారీ డ్రైవరును, మీటరును అనుమానించాను. మామను అయితే వారమంతా అనుమానించాను. నా డ్రైవింగును అనుమానించాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఉద్యోగంలో నేను చేసే పని అదే, తయారైన వస్తువును బయటికి పంపే ముందు నిలిపి చూడటం. ఆయన అదే పని నా మీద చేశాడు, నాకు చెప్పకుండా చేశాడు. మొదట ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. కానీ ఆ సాయంత్రం కోలారుకు బయలుదేరాక, వెనక సీట్లో వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుని గ్రేస్ బంగారుపేట రాకముందే నిద్రపోయింది. ఆమె అలా నిద్రపోవడం అద్దంలో చూస్తూ కోలారు చేరడానికి నాకు గంటకు పైగా పట్టింది. ఇంత నిదానంగా వచ్చానని ఎవరికీ చెప్పుకోవాలనిపించలేదు.

చివరగా ఒక్క సలహా. కొత్త కారుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు పుస్తకం చెప్పినట్టే ఖాళీగా, నిదానంగా, వేగం మారుస్తూ ఇలాంటి ఊరి దారుల్లో తిప్పండి. వెయ్యి నిండాక ఇంటివాళ్ళందరినీ ఒకేసారి ఎక్కించుకుని దూరం పోకండి. వాళ్ళంత బరువు వేసుకుని, మీతో మొహమాటం లేని మనిషిని ఒకరిని వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చోమని, ఒక అరగంట తిప్పి, ఎలా ఉందో అడగండి.