పరగడుపున బెల్లం ముక్క

మా నాన్నగారు తెలుగు పండితులు. పదేళ్లు నిండకముందే నాచేత ప్రబంధాలు వల్లె వేయించారు. నేను కావ్యం వదలి వైద్య పరిశోధనలోకి వెళతానన్నప్పుడు ఆయన నొచ్చుకున్నా అడ్డుచెప్పలేదు. "ఏది రాసినా కళ్లారా చూసి రాయమ్మా" అని మాత్రం అన్నారు. ఆ మాటను జీవితమంతా పాటించాననే భ్రమలో చాలా కాలం ఉన్నాను.

భిలాయిలో నా ఉద్యోగకాలమంతా ఒక చిన్న ప్రయోగశాలలో గడిచింది. నివాసం సెక్టర్ 4లో, ఒంటరి క్వార్టరులో. సహోద్యోగులు సహృదయులే, కాని వారి పలకరింపు హిందీలో మొదలై పనితో ముగిసేది. ఇంటికి వచ్చాక మర్నాటి ఉదయం వరకు నా గొంతు నాకే వినబడేది కాదు. ఒక్క కొత్త సంగతిని కనుగొని లోకానికి చెప్పగలిగితే ఈ ఏకాంతానికి అర్థముంటుందని నమ్ముకున్నాను. పదవీ విరమణ దగ్గరపడుతున్నా అటువంటిదేదీ నా చేతికి చిక్కలేదు.

అప్పుడు చిక్కినట్లే తోచింది. ఊరి శివారున జాముల్ సిమెంటు కర్మాగారంలో బస్తాలెత్తే కాంట్రాక్టు కూలీల రక్తాన్ని పరగడుపున పరీక్షించాము. అక్కడి ఆఫీసు గుమాస్తాలకూ అదే పరీక్ష చేశాము. గుమాస్తాల రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది. కూలీలలో మాత్రం దాదాపు అందరికీ ఎక్కువగా వచ్చింది. సిమెంటు ధూళికీ మధుమేహానికీ సంబంధముందని పత్రం సిద్ధం చేశాను. చక్కెర ఎక్కువగా ఉన్నవారిని పిలిచి తీపి మానమని చెప్పాను. పత్రం పంపడానికి మూడు రోజుల వ్యవధి ఉండగా, వారు పనిచేసే చోటును పత్రంలో రెండు వాక్యాలలో వర్ణించవలసి ఉందని గుర్తుకు వచ్చింది. అంతవరకు నేనక్కడ అడుగుపెట్టలేదు. రక్తం నా బల్లమీదికే వచ్చేది.

ఉదయం పని మొదలయ్యే వేళకు వెళ్లాను. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఒక కూలీ స్త్రీ నన్ను గుర్తుపట్టింది. ఆమెకు టీ ఇప్పించబోయాను.

"వొద్దమ్మా! మీరు సెప్పిన కాడ్నుంచి పంచదార ముట్టనేదు. మా ఆయన నవ్వుతన్నాడు, డాట్రమ్మ నిన్ను దొరసాన్ని సేసీసిందని."

అంటూనే చీర కొంగు ముడి విప్పి, నిమ్మకాయంత బెల్లం ముక్కను నోట్లో వేసుకుంది.

"అదేమిటమ్మా?"

"బెల్లం కదమ్మా, ఈల్లు గుడ్ అంటారు. గేటు కాడ రోజూ ఇస్తారు. దుమ్ము గొంతులో దిగకండా."

"రక్తం తీసిన రోజున కూడా తిన్నావా?"

"తిన్నాను. నెత్తురు తీసింది గేటు దాటినాకే కదా."

"ఏమీ తినలేదని చెప్పావు కదమ్మా!"

"తిండేటీ తిన్నేదమ్మా, టీ సుక్క కూడా తాగనేదు." పక్కనున్న స్త్రీ వైపు తిరిగి నవ్వింది. "ఇనుకున్నావేటే దీదీ? బెల్లం తిండంట! మందు కదేటి అది!"

ఇద్దరూ పకపకా నవ్వారు. గుమాస్తాలు వేరే గేటునుంచి వస్తారు. వారికి బెల్లం లేదు.

క్వార్టరుకు చేరి ఆ పత్రాన్ని ముందుంచుకుని కూర్చున్నాను. బెల్లం వల్ల లెక్క తప్పిందన్న సంగతి నాకు తప్ప మరెవరికీ తెలియదు. పంపితే ప్రశంసిస్తారు, పంపకపోతే ఎందుకు పంపలేదని అడిగేవారు కూడా లేరు. ఆ రెండో సంగతే నన్ను ఎక్కువ బాధించింది. ఫోను చేసి "ఇలా జరిగింది" అని చెప్పుకోదగిన ఒక్క మనిషి కోసం మనసంతా వెతికాను. దొరకలేదు.

పత్రం పంపలేదు. మరుసటి వారం గేటు దగ్గరే బల్ల వేయించుకుని, బెల్లం పంచేవాని పక్కనే కూర్చున్నాను. ముందు రక్తం, తరువాత బెల్లం. ఫలితాలు వచ్చాయి. దాదాపు అందరికీ చక్కెర మామూలుగానే ఉంది. నా పత్రంలో మిగిలింది తెల్ల కాగితమే.

ఆ సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను.

"ఏటొచ్చిందమ్మా నా నెత్తుర్లో?" అంది ఆమె, బస్తా దించి.

"ఏమీ లేదమ్మా. నీకు చక్కెర జబ్బు లేదు. పొరపాటు నాదే."

"నేదా! నిజంగానా?" తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. "మరైతే అలా ఉన్నారేటి? ఏటీ నేకపోతే మంచిదే కదా!"

ఆమె టీ కుర్రవాణ్ణి కేకవేసి రెండు టీలు తెప్పించింది, పంచదార ఎక్కువ వేయించి. ఒకటి నా చేతిలో పెట్టింది. బస్తాల మీద కూర్చుని, ఊరి సంగతులు వింటూ, చివరి చుక్క వరకూ తాగాను.