థర్మోస్టాట్ ముట్టుకోని చలికాలం

మా వెనకింటి డాక్టరాంటీ ఇక లేరు. మార్చి మొదటి వారంలో, ఆఫీసుకి వెళ్ళే రైల్లో ఉండగా అంకుల్ ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ ఆంటీ వెళ్ళిపోయింది" అన్నారు. ఆ వెంటనే, "పొయ్యిలో కట్టె వేసే బయల్దేరావా?" అని అడిగారు. వేసే వచ్చానని చెప్పి, పక్క సీటాయన చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చేశాను.

ఆ సమయంలో ఆ ప్రశ్నేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఇంటి పందెం సంగతి తెలిస్తే అనిపించదు.

ఈ మంచు దేశంలో మేముండే ఊరు నేపర్‌విల్. మా ఫెన్సుకి అవతల వాళ్ళది చిన్న పాత ఇల్లు. ఆంటీ జీవితమంతా మత్తు డాక్టరుగా చేశారు. అంకుల్ బ్రిడ్జిలు కట్టిన ఇంజనీరు. రిటైరైన ఏడాది ఆంటీ హాల్లో ఇనప కట్టెల పొయ్యి పెట్టించారు. పురుగు పట్టిన యాష్ చెట్లను ఊరంతా కొట్టేస్తున్న రోజులవి, కట్టెకి కొదవ లేదు. అంకుల్ ఊరుకోలేదు. "మీట నొక్కితే వేడొచ్చే దేశంలో ఈ పొగేంటి డాక్టరుగారూ? నెల తిరక్కుండా మీరే గోడ మీది థర్మోస్టాట్ తిప్పి హీట్ పెడతారు చూడండి" అని వెక్కిరించారట. ఆంటీ అక్కడికక్కడే పందెం కట్టారు. దీపావళి మర్నాడు పొయ్యి రాజేయాలి. చలి పోయాక గడ్డిలో పూసే డాండిలయన్ పువ్వు పెరట్లో మొదటిది కనిపించేదాకా ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ వేయకూడదు. వేస్తే ఆంటీ ఓడినట్టు. వేయకుండా నెగ్గుకొస్తే, ఆఖరి మంటలో మిగిలిన బొగ్గు ముక్కతో అంకుల్ గరాజ్ గోడ మీద "ఓడిపోయాను" అని రాసి సంతకం పెట్టాలి.

ఆ గోడ మీద ఒకదాని కింద ఒకటి పదకొండు "ఓడిపోయాను"లు ఉన్నాయి.

మొదట్లో నేను అంకుల్ పార్టీయే. మా ఫైర్‌ప్లేస్ రిమోట్ నొక్కితే మండుతుంది, నాకు కట్టెలెందుకు? అయితే ఒక జనవరిలో మంచు తుఫానుకి మూడు రోజులు కరెంటు పోయింది. ఆ మూడు రోజులూ పిల్లల్ని వేసుకుని ఆంటీ పొయ్యి ముందే పడున్నాం. మాకందరికీ అన్నం ఆ పొయ్యి మీదే ఉడికింది. నాలుగో రోజుకి నేను పార్టీ మార్చేశాను.

ఆంటీ రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి, చెవి పెట్టి వినేవారు. ఖంగుమంటే ఎండినట్టు. "ఇది నిజం చెప్తోంది. ఇదిగో, ఇది ఇంకా అబద్ధమాడుతోంది, బయటే ఉండనీ" అనేవారు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, తెల్లారి కదిపి మంట తీయడం నాకు నేర్పిందీ ఆవిడే. "నిద్రపుచ్చడం ఎవరైనా చేస్తారే. లేపడమే విద్య." ఒకసారి బూడిద చల్లారిందనుకుని బాస్మతి బియ్యం జిప్పు సంచిలోకి ఎత్తాను. మన ఇళ్ళలో ఆ సంచులు పారేయం కదా! పది నిమిషాల్లో సంచి అడుగు కరిగి, వాళ్ళింటి వెనక చెక్క డెక్ మీద పళ్ళెమంత కాలిన మచ్చ పడింది. ఆంటీ తిట్టలేదు. "కళ్ళు మూసుకున్న పేషెంటల్లా నిద్రపోయినట్టు కాదమ్మాయ్" అని ఇనప బకెట్టు చేతికిచ్చారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాని మీద తివాచీ వేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

మార్చి వచ్చిందంటే పొద్దున ఒక మంట, సాయంత్రం ఒక మంట. తర్వాత పొద్దునొక్కటే. పొయ్యిని ఒక్కసారిగా ఆపేవారు కాదు. "మత్తు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, మనిషి కంగారు పడకుండా తెలివిలోకి రావాలి" అనేవారు.

ఈ ఏడు ఆవిడ గుండె కంగారు పెట్టింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అంకుల్ ఆవిడ దగ్గర, నేను వాళ్ళ పొయ్యి దగ్గర. నేను చూడ్డానికి వెళ్తే మాస్కు పక్కకి లాగి, "పొయ్యి ఎలా ఉంది?" అన్నారు. "మండుతోంది ఆంటీ." "సరే అయితే" అన్నారు. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

కార్యక్రమాలకి ఇల్లంతా జనం. ఎవరో పాపం మంచి మనసుతోనే, "చలిగా ఉంది, హీట్ పెట్టనా?" అని గోడ దగ్గరికి నడిచారు. "దాని మీద చెయ్యి వెయ్యకండి!" అని అంకుల్ అరిచారు. ఆయన గొంతు అంత పైకి లేవగలదని మాకెవరికీ తెలియదు. నేను వెళ్ళి ఇంకో కట్టె వేశాను.

అప్పట్నుంచి నాకు ఒక శిష్యుడు. బ్రిడ్జిలు కట్టిన ఆ పెద్దమనిషికి పొయ్యి రాజేయడం రాదు. పుల్లల్ని కొలిచినట్టు పేర్చేవారు, అవి మాత్రం అంటుకునేవి కావు. "అంకుల్, గాలి ఆడనివ్వండి, అది బ్రిడ్జి కాదు" అనేదాన్ని. "ఇన్నేళ్ళూ ఓడటానికి ఇంత కష్టపడాలని తెలీదమ్మా" అనేవారు. వారం తిరిగేసరికి ఒక్క అగ్గిపుల్లతో అంటించారు. ఆ రోజు ఇద్దరం పొయ్యి ముందు చప్పట్లు కొట్టుకున్నాం, పిచ్చివాళ్ళల్లే.

ఏప్రిల్ మధ్యలో, ఇక గండం గడిచిందనుకుంటుంటే మంచు పడింది. రెండో రోజు పొద్దున వెళ్ళేసరికి కట్టెల అర ఖాళీ. ఇంట్లో ఊపిరి వదిలితే ఆవిరి. అంకుల్ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని థర్మోస్టాట్ ఎదురుగా నిలబడున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి. నాకు భయమేసింది. "పెట్టేద్దాం అంకుల్, ఆంటీ ఏమనుకోరు" అన్నాను.

"నేను గెలుస్తాను కదమ్మా అప్పుడు" అన్నారు.

గిరుక్కున తిరిగి గరాజ్‌లోకి నడిచారు. అక్కడ తలుపు పక్కన ఆంటీ బూట్లు తొడుక్కోవడానికి కూర్చునే యాష్ మొద్దు ఉంది. ఆయన వేలు మడిచి దాన్ని రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నారు. "నిజమే చెప్తోంది" అన్నారు. నేను గొడ్డలి అందుకోబోతే ఇవ్వలేదు. మొదటి దెబ్బకి గొడ్డలి జారింది. రెండోదానికి దిగబడింది. మూడోదానికి మొద్దు ఫట్‌మని నిలువునా విడిపోయింది, లోపల తెల్లగా, ఎండి గలగలమంటూ. నేను కేక పెట్టాను. ఆయన కళ్ళ నీళ్ళతో నవ్వుతున్నారు.

ఆ మొద్దు మమ్మల్ని రెండు రోజులు కాచింది. మూడో రోజు పొద్దున ఎండొచ్చింది. కరుగుతున్న మంచు పక్కన, ఫెన్సు మొదట్లో, రూపాయంత పసుపుపచ్చ డాండిలయన్. అంకుల్ నన్ను పేరు పెట్టి పిలిచిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి గరాజ్‌కి వెళ్ళాం. గోడ మీద పాత పదకొండూ తప్పనిసరై గీకినట్టు చిన్న అక్షరాలు. పన్నెండోది ఆయన మూరెడు అక్షరాలతో, గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుస్తూ రాశారు. సంతకం పెట్టారు. నాచేత సాక్షి సంతకం పెట్టించారు. "చూశారా డాక్టరుగారూ, మళ్ళీ ఓడించారు" అని చేతులు దులుపుకున్నారు.

ఆ సాయంత్రం దాకా అంకుల్ గరాజ్ తలుపు దించలేదు. వీధిలో వెళ్ళే ప్రతి కారుకీ ఆయన ఓటమి కనిపిస్తూనే ఉంది.