చేతులు కట్టుకునే పరీక్ష

పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకోగానే మా వదిన మా అమ్మ పాత చక్రాల కుర్చీలో కూర్చునేది. కాళ్ళకు ఏ లోపమూ లేదు. అయినా కిటికీలు తెరవడం, గేటు దగ్గర పడ్డ పేపరు తెచ్చుకోవడం, పాలు కాచడం అన్నీ ఆ కుర్చీలోంచే. పొయ్యిగట్టుకు మోకాళ్ళు తగిలాయని గట్టు కింది అరలు తీయించేసింది. చక్రం గడపకు అడ్డం పడిందని గడపే పీకించేసింది.

"కోడళ్ళు అత్తల నగల మీద కన్నేస్తారు. నా కోడలు నా కుర్చీ మీద కన్నేసింది," అని అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. చెప్పినప్పుడల్లా మొహం వెలిగిపోయేది.

వదిన ఆర్కిటెక్టు. పనివాళ్ళు 'ప్లానమ్మ' అని పిలుచుకునేవారు. అమ్మకు ఓ జబ్బు చేసి నడుము కింద పట్టు తప్పిన ఏడాదే ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పట్లో అమ్మ ఎక్కడికి వెళ్ళినా మెట్ల దగ్గర ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ఎత్తేవారు. అందరివీ మంచి మనసులే, దేవుడు వాళ్ళను చల్లగా చూడాలి. కానీ అమ్మకు అది గిట్టేది కాదు. "మూటను ఎత్తినట్టు ఎత్తుతారు. ఎక్కడ దించాలో మూటను అడగరుగా!" అనేది.

అందుకే వదిన తాను గీసిన ప్రతి భవనానికీ ఒక పరీక్ష పెట్టేది. అప్పగించే ముందు అమ్మను తీసుకెళ్ళేది. అమ్మ గేటు నుంచి లోపలికి వెళ్ళి తిరిగి రావాలి. చూసేవాళ్ళందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. ఎవరి చెయ్యి లేచినా ఆ భవనం తప్పినట్టే.

మా వీధి చివరి గ్రంథాలయాన్ని కొత్తగా కట్టే పని వదినకే వచ్చింది. పాతదానికి నిలువు మెట్లుండేవి. అమ్మకు చదువుకోవడమంటే ప్రాణం, కానీ ఏళ్ళ తరబడి మేం తెచ్చిచ్చినవే చదివింది. పునాది తీసిన రోజే వదినతో అంది: "ఇదిగో అమ్మాయ్, ఆ అరల ముందు నేనే ఆగాలి. నాకు నచ్చిన పుస్తకం నేనే తీసుకోవాలి. నీ దగ్గర నేనింకేం అడగను."

పని పూర్తయింది. ప్రారంభానికి రోజు కుదిరింది. పరీక్ష రోజున కమిటీ పెద్దాయన, మేస్త్రి, వాచ్‌మన్, మా అన్నయ్య, నేను అందరం ముంగిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాం. అమ్మ ర్యాంపు మీద సులువుగానే ఎక్కింది. పైన తలుపు ముందు కొంచెం చదును ఉంది. పిడి పట్టుకుని లాగింది. తలుపు నేరుగా ఆమె మోకాళ్ళ మీదికి వచ్చింది. వెనక్కి జరగబోతే వెనక చక్రాలు చదును దాటి వాలులోకి జారాయి. వాచ్‌మన్ ఒక్క గంతులో వెళ్ళి కుర్చీని పట్టుకున్నాడు.

"అమ్మయ్య!" అన్నాడు మేస్త్రి.

వదిన వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది. "నువ్వు పట్టుకుని పుణ్యం కట్టుకున్నావు బాబాయ్. పరీక్ష తప్పింది మాత్రం నేను," అంది.

పదిమంది చేరే చోట ఏ ప్రమాదం వచ్చినా జనం తోసుకుని బయటపడేలా తలుపు బయటికి తెరుచుకోవాలని తలుపును సరిగ్గానే గీసింది. ర్యాంపునూ సరిగ్గానే గీసింది. రెండూ కలిసే చోట మనిషి ఎక్కడ ఆగాలో చూసుకోలేదు. రోజూ కుర్చీలో తిరిగిందే కానీ మా ఇంటి తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి, ఏ తలుపు ముందూ వాలు లేదు. ఆ కష్టం ఆమె చేతికి ఎప్పుడూ తగల్లేదు.

"ఒక్క చెయ్యి వేస్తే పోయేదానికి కట్టింది పగలగొట్టమంటారా ప్లానమ్మా?" అన్నాడు మేస్త్రి.

"చెయ్యి వేసేవాడు సెలవు పెడితే నేనేం చెయ్యాలి నాయనా? తలుపుకు దణ్ణం పెట్టి ఇంటికి రావాలా?" అంది అమ్మ.

మేస్త్రి నవ్వేశాడు. పెద్దాయనకు మాత్రం నవ్వు రాలేదు. "అందర్నీ పిలిచేశామమ్మా! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తప్పు నా గీతలో ఉందని నా పేరు చెప్పండి సార్. తలుపు తెరిచినా పక్కన కుర్చీ నిలిచేంత చదును వెడల్పు చెయ్యాలి. అందాకా మా అత్తయ్య లోపలికి వెళ్ళలేని గ్రంథాలయాన్ని నేను అప్పగించలేను."

ఆయన అమ్మ వైపు చూశాడు. "కానివ్వండి" అన్నాడు. పిలిచినవాళ్ళ ఇళ్ళకు మళ్ళీ తనే తిరిగి, ఆలస్యమవుతుందని చెప్పుకొచ్చాడు. ఎవరి పేరూ ఎత్తలేదట. ఆ మంచితనాన్ని మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటాం.

చదును వెడల్పు చేశాక మళ్ళీ అందరం చేతులు కట్టుకున్నాం. అమ్మ ఎక్కింది. తలుపు పక్కన ఆగి పిడి లాగింది. తలుపు ఆమెను దాటుకుంటూ హాయిగా తెరుచుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఎంతకీ రాదు. అన్నయ్య అడుగు ముందుకు వేశాడు. "అరలు చూసుకుంటున్నారండీ. చూసుకోనివ్వండి," అని వదిన ఆపింది. అలా అన్నదే కానీ తన గోళ్ళు తన మోచేతుల్లో దిగిపోతున్నాయి.

చివరికి అమ్మ వచ్చింది. ఒళ్ళో పుస్తకం. అట్ట మీద కత్తి, నెత్తురు చుక్కలు. డిటెక్టివ్ నవల! ఇన్నేళ్ళూ ఏరి ఏరి ఆమెకు భక్తి పుస్తకాలు మోసింది నేను.

"అవీ మంచివేనే," అంది అమ్మ నా మొహం చూసి. "కానీ వాటిలో చివర ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది."

దేవుడు కూడా నవ్వుకునే ఉంటాడు. అమ్మ కుర్చీ ఆపి, ఆ భవనాన్ని కింది నుంచి పైదాకా చూసి, "నా కోడలు కట్టింది," అంది, అక్కడ అందరికీ తెలిసిన సంగతే అయినా. ఆ మాటకు మా అందరి గుండెలూ నిండిపోయాయి. వదిన చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మేం ఇంటికి బయలుదేరాక ఆమె వెనక్కి వెళ్ళి వాచ్‌మన్ దగ్గర ఆగింది.

"బాబాయ్, నాకో సాయం చేసిపెట్టాలి."

"చెప్పమ్మా."

"ప్రారంభానికి పూలకుండీలు తెస్తారు. అందంగా ఉంటుందని ర్యాంపు పొడుగునా పేరుస్తారు. వాటిని కిందే పెట్టించు. బండ్లు కూడా అడ్డం పెట్టనివ్వకు. కుర్చీలో ఎవరైనా వస్తే, వాళ్ళు అడిగేదాకా నీ చేతులు కట్టుకునే ఉండు. అడిగారా, ఇక క్షణం ఆగకు."