పాత పేరుకు వచ్చిన పతకాలు

కోట దగ్గర గంట ఆరు కొట్టింది. ఆ వేళకు గద్వాలలో మా వీధి పొడవునా పడుగు సాచి ఉంది. పడుగంటే మగ్గం మీద నిలువుగా వచ్చే దారాలు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని వీధిలో బారుగా కట్టి, గంజి పట్టించి, పొడవాటి కుంచెతో దువ్వాలి. గంజి ఆరేలోపు దువ్వడం పూర్తి కాకపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా పాడవుతుంది. అందుకని దువ్వుతున్నంతసేపు ఎవరూ చేయి వదలకూడదు. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తున్నా సరే.

ఆ పొద్దున వీధి చివర ఒక మనిషి కనబడ్డాడు. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చిక్కిపోయిన మొహం. నేను గంజి కుండ పట్టుకుని మా మామగారి వెనక నిలబడి ఉన్నాను. మొహం చూసి కాదు, నడక చూసి పోల్చుకున్నాను. ఎడమ భుజం కాస్త దించి నడిచే మనిషి మా వీధిలో ఒక్కడే ఉండేవాడు. అతను నా భర్త. బర్మా యుద్ధంలో పోయాడని మేము కర్మలు చేసి అప్పటికి ఏడాది దాటింది.

దారాలు విడదీసే పుల్లలు పట్టుకున్న అత్తగారు వాటిని వదిలేసి పరుగెత్తబోయింది. మామగారు గట్టిగా అరిచారు.

"చెయ్యి ఇడ్వకు! ఎవరూ ఇడ్వకుండ్రి! పడుగు పోతది!"

"వచ్చింది నా కొడుకు గదయ్యా!"

"నా కొడుకు గాడా? ఎండ ఎక్కుతున్నది, పుల్లలు పట్టు!"

ఆయన దువ్వుతూనే ఏడుస్తున్నారు. వీధి వీధంతా చేతులు పనిమీదే ఉంచి ఏడ్చింది, నవ్వింది, ఒకరినొకరు కేకలేసి పిలుచుకుంది. నా భర్త సంచి కింద పెట్టి, అలవాటు కొద్దీ పడుగు కొస పట్టుకోవడానికి చేయి చాపాడు.

"తాకకు బిడ్డా," అన్నారు మామగారు. "జర ఆగు. నీకు కర్మలు చేసినం."

"ఎవరికి?"

"నీకే."

"నేను సచ్చిన్నా?"

"నువ్వు పోయినవని తారు వచ్చింది."

"మరి ఇప్పుడు నేనేం జేయాలె?"

"దువ్వుడు అయినంక చెప్త. గాడ నిలబడు."

అతను నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నా చేతులకు గాజులు లేవని చూశాడు. నేను గంజి కుండ దించలేదు.

అతను సైన్యంలోకి ఎందుకు పోయాడో చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. యుద్ధం మొదలయ్యాక పట్టు రావడం తగ్గిపోయి, అంచు లేక మగ్గాలు ఆగాయి. రాయచూరులో మనుషులను తీసుకుంటున్నారని విని పోయాడు. లారీ నడపడం నేర్పి బర్మాకు పంపారు. అక్కడి నుంచి సైన్యం వెనక్కి వస్తున్నప్పుడు అతను కనిపించకుండా పోయాడని, మరణించినట్టు భావిస్తున్నామని తారు, అంటే టెలిగ్రాం, వచ్చింది. చాలాకాలం చూశాం. చివరికి మోదుగాకులతో బొమ్మ కట్టి, అతని పేరు చెప్పి కృష్ణ ఒడ్డున కాల్చారు. నా గాజులు తీశారు. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

నిజానికి అతను రంగూనులో ఖైదీగా ఉన్నాడు. యుద్ధం అయిపోయాక విడిపించి, ఓడలో తెచ్చి, దవాఖానాలో ఉంచి, కాస్త తేరుకున్నాక రైలు చీటీ ఇచ్చి ఇంటికి పంపారు. మిగతా కాగితాలు వెనక వస్తాయన్నారట. అవి రాలేదు.

కర్మలు జరిగిన మనిషి తిరిగొస్తే నేరుగా గడప దాటకూడదు. మళ్ళీ పుట్టాలి. ఆ పద్ధతి తెలిసిన పురోహితుడు వనపర్తిలో ఉన్నాడని తెలిసి కబురు పంపారు. ఆయన బీచుపల్లికి రమ్మన్నాడు. మూడు బండ్లు కట్టుకుని పోయాం. మా వీధిలో పెళ్ళిళ్ళకు కూడా అంత హుషారు చూడలేదు. దారి పొడవునా మా వాళ్ళు ఎదురైన ప్రతివాడికీ బండి ఆపి మరీ చెప్పారు.

ఆంజనేయుడి గుడి దిగువన, ఏటి ఒడ్డున, పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి అతన్ని అందులో కూర్చోబెట్టారు. మోకాళ్ళు గుండెకు ఆనించి, పిడికిళ్ళు బిగించి, కడుపులో బిడ్డలా మాట్లాడకుండా ఉండాలి. పురోహితుడు పుట్టుక మంత్రాలు చదివాడు. అతను లేచి బయటికి రాగానే అత్తగారు పాత చీర చుట్టి దగ్గరికి తీసుకుంది. పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు.

"ఓ వదినే, నీ పురిటి పిల్లగానికి మీసాలు జూడు! పాలు ఏడ సాలుతయి?"

"దిష్టి పెట్టకు పో," అంది అత్తగారు, నవ్వు ఆపుకోలేక.

తర్వాత పేరు పెట్టారు. కొత్త పేరు. మామగారు అతని చెవిలో మెల్లగా చెప్పారు. జంధ్యం వేశారు. పెద్దవాడయ్యాడు కాబట్టి పెళ్ళి చేయాలి. నేను తడి జుట్టుతో పీట మీద కూర్చున్నాను. అతను రెండోసారి నాకు తాళి కట్టాడు. మొదటి పెళ్ళిలో తలెత్తి చూడలేదు. ఈసారి అతని చేతులు కదులుతున్నంతసేపూ చూశాను. "పొద్దుగాల పుట్టి మాపటికి లగ్గం చేసుకున్నోన్ని నేనొక్కన్నే," అని తర్వాత ఏళ్ళ తరబడి అంటూ ఉండేవాడు.

పురోహితుడు వెళ్తూ ఒక మాట చెప్పాడు. పాత పేరు ఇక ఎవరూ తీయకూడదు. అది కాలిపోయిన పేరు, పలికితే పోయినవాణ్ణి పిలిచినట్టు. మామగారు ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు. నాకు దానితో ఇబ్బంది లేదు. మాలో ఆడవాళ్ళు భర్త పేరు పలికేవాళ్ళం కాదు. పాతదైనా కొత్తదైనా నా నోట రాదు.

మళ్ళీ మగ్గమెక్కాడు. అయితే వీధిలో ఒక మాట పుట్టింది. మగ్గాల వాళ్ళకు నోరు ఊరికే ఉండదు. ఇతను బర్మా పోలేదని, సైన్యం నుంచి పారిపోయి ఇన్నేళ్ళూ అమ్రాబాదు అడవిలో దాక్కున్నాడని. మొదట వేళాకోళమే. ఎదురింటి అబ్బాయి మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంటలోంచే అరిచేవాడు.

"బర్మాకు పోయినవా అన్నా, అమ్రాబాదుకు పోయినవా? తేనె గిట తెచ్చి ఉంటే మాకు జరింత పెట్టు!"

అతను నవ్వేవాడు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు. తర్వాత సంతకు పోవడం కూడా తగ్గించాడు. ఖైదులో పడ్డ దెబ్బల మచ్చలు ఎవరికీ చూపించేవాడు కాదు, చొక్కా విప్పకుండానే నేసేవాడు.

అప్పుడు నాగర్ కర్నూలు నుంచి అతనితో లారీ నడిపిన స్నేహితుడు వచ్చాడు. వీధి మొదట్లోనే నా భర్త పాత పేరు పెట్టి పెద్దగా కేకేశాడు. అత్తగారు చెవులు మూసుకుంది. మామగారు చేతులు ఊపుతూ పరుగున ఎదురెళ్ళారు.

"ఆ పేరు తీయకు నాయినా! గట్ల పిల్వొద్దు!"

"ఎందుకు? సచ్చిండా ఏంది?"

"సచ్చిండు. మళ్ళ పుట్టిండు. లోపలికి రా, చెప్త."

స్నేహితుడు విని, పొట్ట పట్టుకుని నవ్వి, జేబులోంచి గుడ్డ మూట తీశాడు. మూడు పతకాలు. ఒకటి నక్షత్రం ఆకారంలో ఉంది. "దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చిన్రు. నీయి ఏవి?" అన్నాడు. నా భర్త ఆ నక్షత్రాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దాని మీద ఇంగ్లీషులో బర్మా అని ఉంది. నేను చదివి చెప్పాను. మా నాన్న వనపర్తిలో బడిపంతులు, నాకు ఆ మాత్రం నేర్పాడు.

"నాక్కూడ రావాలె," అన్నాడు అతను. ఇల్లు చేరాక తన కోసం అతను ఏదైనా అడగడం అదే మొదలు.

నేను తెలుగులో రాసిచ్చిన దాన్ని ఇంగ్లీషు వచ్చిన వకీలు ఒకాయన దరఖాస్తుగా మార్చాడు. సైన్యం వాళ్ళిచ్చిన నంబరు వేశాం, కొత్త పేరు వేశాం. ఇంట్లో ఎవరికీ అది తప్పని తోచలేదు. అతనికి ఉన్న పేరు అదే కదా.

జవాబు రావడానికి ఎండాకాలం గడిచింది. వకీలు వసారాలో చదివి వినిపించాడు. ఆ నంబరు మనిషి పేరు వేరు. అతను కనిపించకుండా పోయి మరణించినట్టు రికార్డులో ఉంది. ఈ కొత్త పేరు గల మనిషి మాకు తెలియదు. చనిపోయినతని పతకాలు భార్యకు చెందుతాయి. ఆమె విధవగా దరఖాస్తు పెట్టుకుంటే పంపుతాం.

వకీలు కాగితం మడిచాడు. "పని అల్కగ అయితది అమ్మా. ఒక్క సంతకం పెట్టు, వచ్చేస్తయి."

నా భర్త కూడా అదే అన్నాడు. "పెట్టెయ్యి. నేను పక్కన సచ్చినట్టు పండుకుంట."

"నేను పెట్ట," అన్నాను.

"ఉత్త కాగితమే గద."

"తారు సుత కాగితమే. దాంతోనే నా గాజులు పాయె. మళ్ళ నా చేత్తోని నేను రాయ. బతికున్నడని రాస్తరు. రికార్డు దిద్దుతరు. అప్పుడే తీసుకుందాం."

వకీలు మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పాడు. అప్పుడు చెప్పాడు, రికార్డు దిద్దించాలంటే పాత పేరు రాయాల్సిందేనని, ఆ పేరువాడూ ఈ పేరువాడూ ఒకడేనని సాక్ష్యాలతో చూపాలని.

మామగారు తల అడ్డంగా ఊపారు. "ఆ పేరు మా ఇంట్ల ఎవరూ చెప్పరు. పతకాలు రాకున్నా మంచిదే. నా కొడుకు ఉంటే సాలు."

నా భర్త నేల చూపులు చూస్తున్నాడు. తండ్రి మాట దాటడు, పతకాలు వదులుకోలేడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. ఆ పూట నేను వడ్డించి, మామగారి ముందు నిలబడి, ఎన్నడూ లేనిది ఆయనతో వాదించాను.

"మామా, నేను నా మొగుని పేరు చెప్పొద్దు. గంతే గదా నియమం?"

"గంతే."

"నా మొగుని పేరు ఇప్పుడు ఏంది? మీరు చెవుల చెప్పిందే గదా?"

"అవును."

"మరి ఆ పాత పేరు నా మొగునిది గాదు. పోయినోని పేరు. పోయినోళ్ళ పేరు తద్దినాల నాడు అందరం చెప్తనే ఉన్నం. నేను చెప్తే తప్పేంది?"

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశారు. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుకో, భయానికో.

"పంతులు బిడ్డను తెచ్చుకుంటె గిట్లనే ఉంటది," అన్నారు ఆయన. కాస్త ఆగి, "పో. నువ్వే చెప్పు. నా ముంగట చెప్పకు," అన్నారు.

మరునాడు వకీలు వసారాలో కూర్చుని, పెళ్ళయిన తర్వాత మొదటిసారి నా భర్త పేరు పైకి పలికాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కనే ఉన్న అతను ఉలిక్కిపడి, "ఆఁ?" అన్నాడు, పిలిచాననుకుని. వకీలు కలం ఆపి నవ్వాడు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకోసారి చెప్పాను. అవసరం లేకపోయినా.

దరఖాస్తుతో పాటు బీచుపల్లిలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వనపర్తి పురోహితుడు రాసి సంతకం చేసిన కాగితం పెట్టాం. నాగర్ కర్నూలు స్నేహితుడు తన వాంగ్మూలం ఇచ్చాడు. పతకాలు పంపమని అడగలేదు. ముందు రికార్డులో చావు కొట్టేసి, ఖైదులో ఉన్న కాలం సేవగా లెక్కలోకి తీసుకుని, దానికి రావలసినవి ఇవ్వమని అడిగాం. వకీలుకు ఆ వరస బాగా నచ్చింది.

ఇక ఎదురుచూపు. ఏ మనిషి తపాలా సంచితో వీధి మలుపు తిరిగినా మగ్గాల చప్పుడు ఆగేది. ఎదురింటి అబ్బాయి కూడా వేళాకోళం మాని, "ఇంక రాలేదా వదినే?" అని అడగడం మొదలుపెట్టాడు.

చలికాలం. మళ్ళీ వీధిలో పడుగు సాచి ఉంది. చలికి పని ఆలస్యంగా మొదలై, గంజి అప్పుడే పట్టించారు. మామగారు కుంచె పట్టుకున్నారు, అవతలి వైపు నా భర్త. తపాలా బంట్రోతు ఒక చిన్న పొట్లం చేతిలో పట్టుకుని, దాని మీది పేరు చదివి, ఈ పేరుగలవాడు ఇక్కడ ఉన్నాడా అని అరిచాడు. పాత పేరు.

వీధి బిగుసుకుపోయింది. అత్తగారు మామగారి వైపు చూసింది.

"ఉన్నడు!" అన్నారు మామగారు. కుంచె కింద పడేశారు. "ఉన్నడు! మా ఇంట్లనే ఉన్నడు! నా కొడుకే!" అంటూ పరుగెత్తారు. కొడుకును పాత పేరుతో పిలుస్తూ చేయి పట్టి లాక్కుపోయారు. అందరూ ఎక్కడివక్కడ వదిలేసి గుమిగూడారు. నేనూ గంజి కుండ దించేశాను.

మూడు పతకాలు, ఒక కాగితం. రికార్డు దిద్దినట్టు అందులో ఉంది. వీధి మధ్యలో నిలబడి చదివి తెలుగులో చెప్పాను. ఎదురింటి అబ్బాయి నక్షత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"దీని మీద ఏం రాసి ఉన్నది వదినే?"

"బర్మా."

"అమ్రాబాదు అని లేదా?"

"వెనక దిక్కు చూడు, ఉన్నదేమో," అన్నాడు నా భర్త. అందరికన్నా గట్టిగా నవ్వింది అతనే. ఆ రోజు చొక్కా విప్పి మగ్గంలో కూర్చున్నాడు.

పడుగు మాత్రం పాడైంది. మా మామగారి చేతిలో ఎండిపోయిన పడుగు అదొక్కటే. దారాలు విడదీస్తూ ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నా భర్త మొన్న పోయాడు. ఈసారి బొమ్మ అవసరం రాలేదు. పిండం పెట్టేటప్పుడు పురోహితుడు పేరు అడిగాడు. చిన్నవాడు, మా కథ తెలియదు. నేను రెండు పేర్లూ చెప్పాను. రెండెందుకని అడిగితే బీచుపల్లి సంగతి చెప్పాల్సి వచ్చింది. అతను ఆశ్చర్యంగా విన్నాడు. అటువంటిది తానెప్పుడూ చేయించలేదన్నాడు. పోయాడనుకుని కర్మలు చేసిన మనిషి తిరిగొస్తే మళ్ళీ పుట్టించి కొత్త పేరు పెట్టడం ఇప్పుడు ఎవరూ చేయరు.