వదలకే అన్నాను

మేం ఉత్తరాదిన వైశాలిలో ఉన్నప్పుడు మా అబ్బాయి ఆఫీసు వాళ్లు ఓ ఆదివారం అందర్నీ సంసారాలతో సహా సోహ్నా అనే ఊరి అవతల ఓ చెరువుకి తీసుకెళ్లారు. బస్సు, భోజనం, పడవ ఆటలు, అన్నీ ఆఫీసువే. పదమూడేళ్ల మా మనవరాలు రానంది. పరీక్షలట. "ఊరికే వచ్చేదాన్ని ఎవరైనా వదులుకుంటారా? లే, బయల్దేరు" అని నేనే లేవదీశాను.

ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే. నేను పది మాటలంటే "ఠీక్ హై నానమ్మా" అని ఒక్కటి పారేసి, తన పని తను చేసుకుపోయేది. ఆ ఇంట్లో నా మాటకి విలువ లేదని నాకు ఎప్పుడూ కడుపుమంటే.

మోటారు పడవ వెనక పొడుగాటి తాడు, దాని చివర ఓ పిడి. పిల్ల చిన్న బల్ల మీద మోకాళ్లూని కూర్చుని పిడి పట్టుకుంటే పడవ లాక్కుపోతుంది. అదీ ఆట. ఒడ్డున లైఫ్ జాకెట్లు పెట్టారు. ఎదిగే పిల్ల కదా అని, బట్టలు కొన్నట్టే ఒక సైజు పెద్దది తీసి తొడిగాను. పడవ మనిషి దాన్ని భుజాల దగ్గర పట్టి లాగితే చెవుల దాకా వచ్చేసింది. "మాతాజీ, నీళ్లలో ఇది పైకి పోతుంది, పిల్ల కిందికి పోతుంది" అని చిన్నది తొడిగి పట్టీలు బిగించాడు. పదిమందిలో నా పరువు తీశాడనిపించింది.

తర్వాత పిల్లకి చెప్పాడు. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచుతాం, కిందికి చూపితే తగ్గిస్తాం. పడితే మాత్రం రస్సీ ఛోడ్ దేనా, పడవే తిరిగి నీ దగ్గరికి వస్తుంది అని. రస్సీ అంటే తాడని, ఛోడ్ అంటే వదలడమని నాకు తెలుసు, కూరల బండి దగ్గర రోజూ వినేదే. ఒళ్లు మండింది. చదివింది మూడో తరగతైనా బావిలో నీళ్లు తోడినదాన్ని. తాడు వదిలితే చేద పోతుంది. నీళ్లలో పడ్డ పిల్లని తాడు వదిలెయ్యమనేవాడు ఏం కాపాడతాడు? నేనూ జాకెట్ తొడుక్కుని పడవెక్కాను.

"మీరెందుకు అత్తయ్యా?" అంది కోడలు.

"నువ్వెక్కుతావా మరి?" అన్నాను.

పడవలో ఒకడు నడుపుతుంటే ఇంకొకడు వెనక్కి తిరిగి పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. రెండు చుట్లు బాగానే తిరిగింది. నవ్వింది కూడా. మూడో చుట్టు మలుపులో బల్ల ఒరిగి పిల్ల నీళ్లలో పడింది. చూసేవాడు "ఛోడ్ దో! ఛోడ్ దో!" అని అరుస్తూ నడిపేవాడి భుజం చరిచాడు. నేను లేచి నిలబడి వాడి గొంతుని మించి అరిచాను.

"వదలకే! తాడు వదలకే!"

పదమూడేళ్లలో ఆ ఒక్కసారి నా మాట వింది.

పడవ ఆగేదాకా ముఖం నీళ్లలోనే, చేతులు పిడి మీదే. అలాగే ఈడ్చుకొచ్చింది పడవ. ఆగాక జాకెట్టే తలని పైకి తెచ్చింది. ఎక్కించేసరికి కుడి భుజం కీలు తప్పి చెయ్యి వేలాడుతోంది. దగ్గి దగ్గి నీళ్లు కక్కింది.

"ఎందుకు వదల్లేదు బేటా?" అని చూసేవాడు హిందీలో అడిగాడు.

"నానమ్మ నే మనా కియా" అంది. నానమ్మే వద్దందని. నిజమే కదా.

ఆసుపత్రిలో కీలు ఎక్కించారు. "తెలీని దాన్లో ఊరుకోవచ్చుగా అమ్మా" అన్నాడు మా అబ్బాయి. "ఆ బల్లాట నేను కనిపెట్టానా?" అన్నాను. చుట్టుపక్కల అందరికీ పడవ వాడిదే తప్పని చెప్పాను, నెలల తరబడి. వాడు చెప్పిందే సరి అని నాకు ఆ రోజే తెలిసింది. పిల్లతో మాత్రం ఆ మాట అనలేదు.

ఆ ఏడాదంతా చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయింది. ఆఫీసుకి ఆలస్యమవుతున్నా వాళ్లమ్మే వేసేది. నేను దువ్వెన పట్టుకుంటే పిల్ల లేచి అవతలికి పోయేది. ఒకరోజు బడి నుంచి వస్తూ నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా కత్తిరించుకొచ్చింది.