రాజుల జత పడేసే బాబాయి

ముందు టిక్కుటిక్కుమని వినిపించేది. ఒక గడియారం కాదు, ఏడెనిమిది. టైలరు దుకాణం మేడమెట్ల మీద చినుకులు మొదలైనట్టు ఉండేది ఆ చప్పుడు. బాగుచేసిన వాచీని వారం రోజులు ఒంటి మీద మోస్తేగాని నమ్మని మనిషి బాబాయి. కుడిచేతికి మూడు, ఎడమచేతికి మూడు, జేబులో రెండు. అన్ని వాచీలున్నా ఆదివారం ఆటకి ఒక్కనాడూ వేళకి రాలేదు. ఆ చినుకులు తలుపు దాకా వచ్చాక, వాటి వెనక నింపాదిగా బాబాయి వచ్చేవాడు.

వీధిలో ఆయన్ని వాచీలయ్య అనేవాళ్ళు. ఆయన గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పే సంగతి ఒకటే. పేకాటలో చేతికొచ్చిన మంచి ముక్కల్ని పడేస్తాడు. చెత్త ముక్కల్ని ఎవరైనా పడేస్తారు, అందులో గొప్పేముంది? బాబాయి రాజుల జతని పడేసేవాడు. రాణుల జతని పడేసేవాడు. ఒకసారి ఆసుల జతని, ఎంగిలి విస్తరాకు పారేసినట్టు, బల్ల మీదికి తోసేశాడు. పక్కనే కూర్చున్న అన్నగారమ్మాయికి ఆ మధ్యాహ్నం టీ గొంతు దిగలేదు.

ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకి సెలవు. టైలరు గారి దుకాణం మేడ మీది గదిలో, బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల చుట్టూ ఐదుగురు చేరేవాళ్ళు. బాబాయి, ఆమె, టైలరు గారు, రిటైరైన బస్సు డ్రైవరు, భూగోళం చెప్పే మాస్టారు. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీది సుద్దగీతల మీద పడుకునేది. మూల నిలబెట్టిన తలలేని బొమ్మ, ఎవరిదో సగం కుట్టిన కోటు వేసుకుని, ఆరో మనిషిలా ఆట చూస్తుండేది.

ఆడేది పోకరు. అదేం బ్రహ్మవిద్య కాదు. మనిషికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. అందరికీ కలిపి ఐదు ముక్కలు బల్ల మీద విడతలుగా తెరుస్తారు. విడత విడతకీ పందెం. ఇష్టం లేనివాళ్ళు పడేసి తప్పుకోవచ్చు. చివరికి ఇద్దరు మిగిలితే ముక్కలు తెరిచి చూపించాలి. ఒక్కరే మిగిలితే ఏమీ చూపించక్కర్లేదు, కుప్పంతా వాళ్ళదే. పందెం మాత్రం గుండీలతో. ఒక కోటు గుండీ పది చొక్కా గుండీలతో సమానం. చిల్లర పోసి కొనుక్కోవాలి, లేచేటప్పుడు మార్చుకోవాలి. ఓసారి మాస్టారు వేడి మీదుండి తన చొక్కా గుండీ కూడా తెంపి పందెం కాశారు. సాయంత్రం దాన్ని టైలరు గారే గెలుచుకుని, ఆయనే మళ్ళీ కుట్టిపెట్టారు.

బాబాయి పడేయడంలో ఒక తీరుండేది. దొంగచాటుగా పడేసేవాడు కాదు. రెండు ముక్కలూ వెల్లకిలా తిప్పి, అందరికీ కనబడేలా పెట్టి, నిట్టూర్చి, ఒక కారణం చెప్పేవాడు.

"ఈ రాజులిద్దరూ చెరోవైపు చూస్తున్నారయ్యా. మాటల్లేని అన్నదమ్ముల్లా ఉన్నారు. వీళ్ళని నమ్మి పందెం కాయలేను."

"ఏమయ్యా వాచీలయ్యా," అనేవాడు డ్రైవరు, "ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను. పచ్చలైటు చూసి బ్రేకు వేసేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"ముందు లారీ ఉంటే పచ్చలైటేం చేస్తుంది?"

ఆ మాటతో అందరి చూపులూ, ముందు గుండీల కుప్ప తోసి కూర్చున్న టైలరు గారి మీదికి వెళ్ళేవి. ఆయన ముఖం ఇస్త్రీ చేసినట్టు ఉండేది. ఒక్క ముడతా కనిపించేది కాదు.

"రాజుల్నే పడేశాడంటే," అని డ్రైవరు గొణిగి తనవీ పడేసేవాడు.

"నా దగ్గరున్నది ఎనిమిదుల జత. నేనెంత," అని మాస్టారూ పడేసేవారు.

టైలరు గారు అరచేతి అంచుతో, సుద్దపొడి తుడుచుకున్నట్టు, గుండీలన్నీ తన వైపు లాక్కునేవారు. ముక్కలు చూపించక్కర్లేదు కాబట్టి చూపించేవారు కాదు.

ఇంకో వారం రాణుల జత. "వీళ్ళ చేతుల్లో పువ్వులు వాడిపోయినట్టున్నాయి. శకునం బాలేదు." మరో వారం ఆసుల జత. "రెండూ ఒంటరి ముక్కలే. రెండు ఒంటరితనాలు కలిస్తే కాపురం ఎలా అవుతుందయ్యా?" ఆ వాక్యం మాస్టారికి నచ్చి తరగతిలో ఎడారుల పాఠానికి వాడుకున్నారు.

అందరూ నవ్వేవాళ్ళు. అమ్మాయి నవ్వలేకపోయేది. చిన్నప్పుడు ఆమె కళ్ళకి బాబాయి వీరుడు. కంటికి భూతద్దం బిగించి, చచ్చిన గడియారాన్ని ఊది బతికించిన మనిషి. ఆయన్ని వీధిలో పిరికివాడంటుంటే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. బజారుకెళ్తే కూరల కొట్టు ఆవిడ కూడా, "మీ బాబాయి ఈ వారం ఏ రాజుని దించేశాడమ్మా?" అని అడిగేది.

"ఒక్కసారి, ఒక్కసారి చివరిదాకా ఉండొచ్చుగా బాబాయ్," అని బతిమాలింది ఆమె.

"మంచి ముక్కలొస్తే చూద్దాంలే."

"ఆసుల జతకన్నా మంచివి ఎక్కడుంటాయి?"

"అదే నేనూ వెతుకుతున్నా."

ఇక లాభం లేదని, ఇంటి పరువు తనే నిలబెట్టాలని ఆమె తీర్మానించుకుంది. ఆ ఆదివారం బల్ల మీద తెరిచిన ఐదింటిలో మూడు ఇస్పేట్లు ఉన్నాయి. టైలరు గారు తన ముందున్న గుండీలన్నీ, కోటువీ చొక్కావీ కలిపి, మధ్యకి తోసేశారు. చేతిలో ఇంకో రెండు ఇస్పేట్లుండి ఐదూ ఒకే రంగైతే ఆ పందేనికి తిరుగులేదు. డ్రైవరు తప్పుకున్నాడు. మాస్టారు తప్పుకున్నారు. బాబాయి తన ముక్కల వంక చూశాడు, మళ్ళీ చూశాడు. ఈసారి తిప్పి చూపించలేదు. "పడేస్తున్నా," అన్నాడు, గొంతులో పస లేకుండా. ఆ రోజు ఆయనకొచ్చినవి ఏడూ రెండూ. ఏడూ రెండూ పడేస్తే ఎవరు బెదురుతారు?

"నేనున్నాను," అంది అమ్మాయి. తన గుండీలన్నీ తోసింది. "చూపించండి టైలరు గారూ."

గదిలో వాచీల చప్పుడు ఒక్కటే మిగిలింది. టైలరు గారి చెయ్యి ముక్కల మీదికి వెళ్ళింది. అప్పుడే బాబాయికి తుమ్ము వచ్చింది. తుమ్మంటే మామూలు తుమ్ము కాదు, మోకాలు ఎగిరి, బల్ల ఒక పక్కకి లేచి, గుండీల డబ్బా, టీ గ్లాసులు, పేకముక్కలు, కొలతల టేపు అన్నీ కలిసి నేల మీదికి జారిన తుమ్ము. తలలేని బొమ్మ కూడా గోడకి చేరగిలింది.

"ఏం తుమ్మయ్యా అది, నా బస్సు హారన్ కూడా అంత మోగలేదు," అన్నాడు డ్రైవరు ప్యాంటు దులుపుకుంటూ. ఆ ఆట చెల్లదని మాస్టారు తీర్పు చెప్పారు.

అమ్మాయి కోపంగా బల్ల కిందికి వంగి ముక్కలు ఏరసాగింది. టైలరు గారి స్టూలు కింద రెండు ముక్కలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకటి ఇస్పేటు తొమ్మిది. రెండోది కళావరు జాకీ. ఆ రెండింటితో పందెం నిలిచే మాటే లేదు. మరి అన్ని గుండీలు ఏం చూసుకుని తోసినట్టు?

"నా ఇస్పేట్లు రెండూ అక్కడే పడ్డాయమ్మా, ఇలా అందుకో," అన్నారు టైలరు గారు పైనుంచి.

ఆమె కళావరు జాకీని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. బల్లకి అటువైపు, గుండీల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, బాబాయి ఆమెనే చూస్తున్నాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

ఇంటికి నడిచే దారిలో ఆయన మెల్లగా చెప్పాడు. టైలరు గారి కళ్ళకి శుక్లాలు ముదిరాయి. దూరం నుంచి మనిషి పోలిక తెలుస్తుంది. దగ్గర్లో నలుపూ నలుపూ కలిసిపోతాయి.

"నేను నర్సుని. నాకెందుకు తెలియలేదు?"

"నువ్వు నీ ముక్కలు చూసుకుంటావమ్మా. నేను ఎదుటివాళ్ళు ముక్కలు చూసుకునేటప్పుడు చూస్తా. ఆరు నెల్ల కిందట ఆయన ముక్కల్ని కిటికీ వైపు తిప్పడం మొదలుపెట్టాడు. మాస్టారికి ఆయన కుట్టిన ప్యాంటు గమనించావా? ఒక కాలు నలుపు, ఒక కాలు ముదురు నీలం. పాపం ఆయన అది వేసుకుని బడికి కూడా వెళ్తున్నాడు."

"మరి ముక్కలు చూపిస్తే ఏమవుతుంది? ఆట పోతుంది, అంతేగా?"

"ఆట పోదు. దుకాణం పోతుంది. ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియని మనిషికి కోటు గుడ్డ ఎవరిస్తారు? మన డ్రైవరు మంచివాడే, కానీ సంగతి తెలిస్తే సాయంత్రానికి చివరి స్టాపు దాకా చేరేస్తాడు."

అప్పుడు అమ్మాయికి లెక్క కుదిరింది. రాజుల జత వెల్లకిలా పడేస్తేనే మిగతావాళ్ళు బెదిరిపోతారు. అందరూ బెదిరితేనే టైలరు గారు ముక్కలు తెరవక్కర్లేదు. ఆయన బరిలో లేని ఆటల్లో బాబాయి ఏ రాజునీ పడేయలేదు. ఇన్ని ఆదివారాలు పక్కనే కూర్చుని ఆమె ఆ ఒక్కటీ చూడలేదు.

"ఆపరేషన్ చేయించుకోమని చెప్పొచ్చుగా."

"చెప్తూనే ఉన్నా, ఆయనకి తెలియకుండా. వాచీ అద్దం మసకబారితే మార్చేస్తాం, పావుగంట పని అని వారానికి మూడుసార్లు చెప్తున్నా. వాచీకి నొప్పి తెలియదు కదా అంటాడు."

ఇంకా ఒక సంగతి ఆమె పిన్ని ద్వారా విన్నది. రోజూ పొద్దున్నే తన కొట్టు తీసేముందు బాబాయి టైలరు దుకాణానికి వెళ్ళి, పన్నెండు సూదులకి దారం ఎక్కించి వస్తున్నాడట. "ఎందుకయ్యా?" అని టైలరు గారు అడిగితే, "చెయ్యి వణుకుతోందేమోనని పరీక్ష" అన్నాడట.

మిగతా పని అమ్మాయి చేసింది. కళ్ళ డాక్టరు కోటు కుట్టించుకుంటానంటున్నారని, కొలతలకి ఆసుపత్రికి రమ్మని టైలరు గారికి కబురు పెట్టింది. ఆయన టేపు మెడలో వేసుకుని వెళ్ళారు. ఆయన డాక్టరు భుజాలు కొలిచేలోపు డాక్టరు ఆయన కళ్ళు కొలిచాడు. దుకాణం తలుపు మీద 'చెల్లెలి ఊరు వెళ్ళాను' అన్న కాగితం మూడు వారాలు వేలాడింది. ఆపరేషన్ అయ్యాక కళ్ళకి కట్టుతో పడుకున్న టైలరు గారి పక్కన బాబాయి రోజూ కూర్చునేవాడు. చీకట్లో మనిషికి ఏం పని ఉంటుంది? పాత ఆటలన్నీ ఒక్కొక్కటే తిరగేసుకునేవారు కాబోలు, ఒకసారి ఉన్నట్టుండి, "వాచీలయ్యా, ఆసుల జత ఎందుకు పడేశావ్ నువ్వు?" అని అడిగారు. "ఒంటరి ముక్కలు కదా," అన్నాడు బాబాయి.

మళ్ళీ ఆట మొదలైన ఆదివారం టైలరు గారు కొత్త కళ్ళజోడుతో కూర్చుని గదంతా మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. సుద్దగీతలు చూశారు. ఎండలో తేలే నూలుపోగులు చూశారు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, ఆయన ప్యాంటు ఒక కాలూ రెండో కాలూ మార్చి మార్చి చూశారు.

"మాస్టారూ, ఆ ప్యాంటు ఒకసారి ఇప్పి ఇవ్వండి."

"ఇక్కడా?"

"రేపైనా సరే. కానీ ఈలోపు వీధిలోకి మాత్రం వెళ్ళకండి."

అమ్మాయికి వేరే ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మర్నాడే ప్రయాణం. అందుకని ఆ రోజు ఆడకుండా ముక్కలు పంచుతూ కూర్చుంది. ఇక మొహమాటాలు లేవు, బాబాయి ఈ రోజైనా తన రాజుల్ని నిలబెట్టుకుంటాడని ఆమె ఆశ. ఆట సాగుతుండగా డ్రైవరు ఏం తోచిందో గుప్పెడు కోటు గుండీలు మధ్యకి తోశాడు. మాస్టారు తప్పుకున్నారు. బాబాయి తన ముక్కలు చూశాడు. ముక్కల్ని ముక్కుకి దూరంగా పట్టుకుని మురిసిపోతున్న టైలరు గారిని చూశాడు. ఈసారి వెల్లకిలా తిప్పలేదు, కారణం చెప్పలేదు. బోర్లా పెట్టి తోసేశాడు. టైలరు గారు బాబాయి తోసిన ముక్కల్ని చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, తనవీ బోర్లా పెట్టి తోసేశారు.

గెలిచిన డ్రైవరు తన ముక్కలు తెరిచాడు. తొమ్మిదీ నాలుగూ.

"నన్ను చూస్తే ఇద్దరికీ దడ," అని వారం రోజులు వీధంతా చెప్పుకున్నాడట.

పడేసిన ముక్కల్ని పేకలో కలిపేముందు అమ్మాయి ఓరగా తిప్పి చూసింది.

ఆ సాయంత్రం బాబాయి ఆమెని వీధి చివరి దాకా దిగబెట్టాడు. మర్నాడు ఆమె వెళ్ళిపోయింది. ఆ ఏడు చలికాలంలో, ఆమె సెలవు దొరికించుకునేలోపే, ఆయన నిద్రలో వెళ్ళిపోయాడు. అంచేత వీధి చివర దీపస్తంభం కింద అన్నవే ఆయన ఆమెతో అన్న ఆఖరి మాటలు. అవి గుర్తొచ్చినప్పుడల్లా, వార్డు మధ్యలో ఉన్నా సరే, ఆమెకి నవ్వాగదు.

"నువ్వివాళ పడేసింది ఆసుల జత బాబాయ్. చూశాను."

"పంచేవాళ్ళు చూడకూడదమ్మా. పోనీలే, కళ్ళొచ్చిన రోజు కదా, ఓ ఆట గెలుచుకుంటాడని."

"టైలరు గారు పడేసినవి కూడా చూశాను."

"ఏమున్నాయి?"

"రాజుల జత."

బాబాయి నడక ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూశాడు, అబద్ధమేమో అని. తర్వాత టైలరు దుకాణం ఉన్నవైపు తిరిగాడు. ఆయన గొంతులో నిజమైన బాధ.

"రాజుల జతా? కళ్ళు పెట్టుకుని చూసి కూడానా? రాజుల జత ఎవడైనా పడేస్తాడటమ్మా? ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఆడాడు, ఆ మనిషికి ఆట ఒక్క ముక్క రాలేదు."