నలుపు పోయిన వెండి తాయెత్తు

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది నేను దుబాయ్‌లో ఒక వెండి కార్ఖానాకు సూపర్‌వైజరుగా ఉన్నాను. కత్తుల ఒరలు, తాయెత్తు పెట్టెలు, ధూపదానులు అక్కడ తయారయ్యేవి. అరబ్బుల చేతిపని అని వాటిని యాత్రికులకు చూపేవారు. చేసే చేతులు మాత్రం కరీంనగర్‌వి.

వారిలో పెద్దవాడు వెండి తీగపనిలోనే తల నెరిసిన మనిషి. ఇంకో రెండేళ్లు వీసా నిలిస్తే ఊళ్లో సొంత కొలిమి పెట్టుకుంటానని అనేవాడు.

ఒక ఉదయం ఒక ఎమిరాతీ వృద్ధురాలు తన తల్లి ధరించిన తాయెత్తును తెచ్చింది. గొలుసు కొక్కెం విరిగింది. అతికించమంది, అంతే. ఆ పెద్దాయన అతికించాడు. తాయెత్తు పెట్టె మీది చెక్కడపు గీతల్లో పేరుకున్న నలుపు నాకు సహించలేదు. మా ఇంట్లో వెండి దీపపు కుంది చింతపండుతో తోమి తెల్లగా మెరిస్తేనే పూజగదిలోకి వెళ్లేది.

"దీనికి మెరుగు పెట్టు," అన్నాను.

"వద్దు సార్. నలుపుంటెనే చెక్కిన పువ్వు లేసి కనబడ్తది. ఈళ్లు పాత సొమ్ములు గిట్లనే ఉంచుకుంటరు."

"మురికిని పనితనమంటావా? నాకు పాఠం చెప్పకు."

"నేనేం చెప్త సార్, సదువుకున్నోళ్లు మీరు," అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు.

ఆ నవ్వుతో నా పట్టుదల పెరిగింది. దగ్గర నిలబడి పెట్టెను ఆమ్లంలో కాయించాను. కుంకుడు నీళ్లతో, ఇత్తడి బ్రష్‌తో రుద్దించాను. కొత్త రేకులా మెరిసింది.

మరునాడు ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకొని వాసన చూసింది. తల్లి పూసుకున్న ఊదు అత్తరు కోసం కాబోలు.

"యే మేరీ మా కా నహీ హై," అంది, ఇది తన తల్లిది కాదని. ముసుగు అంచులో చుట్టుకొని, మా ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. ఆయన మా ఇద్దరినీ పిలిచి ఇది ఎవరి పనని అడిగాడు. "కిస్‌నే కియా?"

నాకు అరవై దాటాయి. ఈ ఉద్యోగం పోతే మరొకటి రాదు. అతను నా వైపు చూశాడు. నేను బల్ల మీది కాగితాలను సర్దుతున్నాను.

"మైనే కియా," అన్నాడతను.

"ఖలాస్," అన్నాడు ముదీర్. అతని ఉద్యోగం అంతటితో సరి.

వీసా రద్దు పత్రం నింపవలసినది నేనే. కారణం అడిగిన గడిలో, ఆజ్ఞ లేకుండా పని చేసినందుకు, అని ఇంగ్లీషులో గీత దాటకుండా రాశాను.

"ఏం రాసిన్రు సార్?"

"నియమం ప్రకారమే రాశాను."

"సరే సార్," అని, నేను వేలితో చూపిన చోట సంతకం పెట్టాడు.